ఈకల గది

రైలక్క పడిపోయింది పగలు పదకొండూ నలభైకి. ఆమె హాజరు కార్డు మీద మాత్రం పదకొండుంబావుకే గేటు దాటి బయటికి వెళ్లిపోయినట్టు అచ్చు పడి ఉంది. ఆ అచ్చు వేసింది నేను. గడియారం ముల్లు వెనక్కి తిప్పి, కార్డు మిషన్లో దూర్చి, మీట నొక్కింది ఈ చెయ్యే.

ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. మధ్యలో ఎక్కడో చెబితే అంతవరకూ మీరు నన్ను మంచిదాన్ననుకుంటూ వింటారు. అది నాకు ఇష్టం లేదు.

మాది కోట్ల ఫ్యాక్టరీ. డబ్బు కోట్లు కాదు, తొడుక్కునే కోట్లు. "రోజూ కోట్లు కుడతాం, ఇంటికి దారప్పోగులు తీసుకెళ్తాం" అని మా షెడ్డులో ఒక పాత జోకు. మంచు పడే దేశాల కోసం లోపల బాతు ఈకలు కూరి కుట్టే మందపాటి కోట్లవి. అక్కడ చలి మొదలయ్యేసరికి దుకాణాల్లో వేలాడాలి కాబట్టి మేం కుట్టేది నడి వేసవిలో. పరుపంత కోటు ఒళ్లో పెట్టుకుని కుట్టేవాళ్ల తొడల మీద చెమటకాయలు ఎప్పుడూ మానేవి కావు.

మూడు వందల మందిమి. పైన రేకులు. ఈకలు ఎగురుతాయని కిటికీలు తెరవనిచ్చేవారు కాదు. వేడిగాలి బయటికి లాగే పెద్ద ఫ్యాన్లు ఆరు ఉండేవి, తిరిగేవి రెండు. చివరి వరసలో ఆవిరి ఇస్త్రీ బల్లలు. ఆ వరసలో నిలబడితే కళ్లలోని తడి కూడా ఆరిపోతున్నట్టు ఉండేది.

షెడ్డుకి ఆ చివర ఈకల గది. మందపాటి తలుపు, రబ్బరు అంచు. తేమ తగిలితే ఈకలు ముద్దకట్టి వాసనొస్తాయని ఆ గదిలో ఎప్పుడూ ఇరవై రెండు డిగ్రీలే ఉంచేవారు. కరెంటు పోతే ముందు జనరేటరు తిరిగేది దానికోసమే. ఈకల సంచులు తేవడానికి ఇద్దరు మనుషులు లోపలికి వెళ్లి వెంటనే రావాలి. ఆ పని కోసం మావాళ్లు పోట్లాడుకునేవారు. "ఈ కంపెనీలో చల్లగా బతికేది మేనేజరూ, చచ్చిన బాతులూ" అనేది రైలక్క.

ఆమె ఇస్త్రీ వరసలో మొదటి బల్ల. ఆవిరి పెట్టె నొక్కితే బుస్సుమని తెల్లటి పొగ లేచి మనిషి మాయమయ్యేది. కాసేపటికి అందులోంచి నవ్వుతున్న ముఖం ఒకటి బయటికొచ్చేది. "జరగండర్రా, బండి వస్తోంది" అని చేతినిండా కోట్లతో నడిచేది. అలా రైలక్క అయింది. ఆమె భర్త రోడ్డుకి అవతల అట్టపెట్టెల కంపెనీలో లోడింగు పని. మధ్యాహ్నం ఇద్దరూ మా గేటు పక్కన గోడ నీడలో ఒకే డబ్బాలోంచి తినేవారు. ఆమెని అక్కా అనేదాన్ని కాబట్టి ఆయన నాకు బావ.

నేను పదో తరగతి చదివానని కుట్టు మిషన్ మీంచి లేపి, గేటుకి ఎదురుగా షెడ్డు గుమ్మంలో హాజరు కార్డుల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నా నెత్తిమీద ఫ్యాను తిరిగేది. ఆ గాలికి నేనెంత చవగ్గా అమ్ముడుపోయానో ఆ రోజు దాకా నాకు తెలీదు.

ఆ రోజు పదిన్నర నుంచే ఆమె తేడాగా ఉంది. ముందు తల దిమ్ముగా ఉంది, తలుపు దగ్గర కాసేపు కూర్చుంటానంది. సూపర్‌వైజరు ఒప్పుకోలేదు. తర్వాత చెమట పట్టడం ఆగిపోయింది. ఒళ్లు ఎండిన కట్టెలా పొడిగా అయింది. హాజరు చూసుకోడానికి ఆ వరసకి వెళ్లిన నన్ను "నా చెప్పులెవరు తీశారే" అని అడిగింది. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. పక్క బల్ల మీది కోటుని పట్టుకుని "లే నాన్నా, బడి టైమైంది" అంది. సూపర్‌వైజరు నవ్వాడు. "పొద్దున్నే ఏం పట్టించావు?" అన్నాడు. ఆమె అతని వైపు చూసి ఏదో చెప్పబోయి, నిలువునా కూలిపోయింది.

మా కరెంటాయన నిచ్చెన మీంచి దూకి వచ్చాడు. షెడ్డులో కరెంటు పనులన్నీ చూసేది ఆయనే. ఆమెని రెండు చేతుల్లో ఎత్తుకుని ఈకల గది వైపు తిరిగాడు. లెక్కపెట్టి చూస్తే ఇరవై అడుగులు.

సూపర్‌వైజరు తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "ఆ గదిలోకి కాదు. తేమ తగిలితే సరుకంతా పోతుంది."

"మనిషి పోతోందయ్యా."

"నీళ్లు చల్లు. లేస్తుంది."

"చెయ్యి పెట్టి చూడు, కాలిపోతోంది. జరుగు."

సూపర్‌వైజరు జరగలేదు. ఫోన్ తీసి మేనేజరుతో మాట్లాడాడు. తలూపుతూ విన్నాడు. ఫోన్ పెట్టేసి నన్ను కార్డుల బల్ల దగ్గరికి తీసుకెళ్లి చెవిలో చెప్పినట్టుగా అన్నాడు: "ఆమె కార్డు బయటికి కొట్టు. పదకొండుంబావుకి. గడియారం తాళం నీ దగ్గరేగా."

నేను చేశాను. ఎందుకని అడగలేదు. ఆమెని వెనక తలుపులోంచి మోసుకెళ్లి బయటి గోడ పక్కన పడుకోబెట్టారు. ఆ తర్వాత, వెనక సందులో ఎవరో పడి ఉన్నారని కొత్తగా చూసినట్టు వాచ్‌మన్‌తో చెప్పించి, వ్యాను పిలిపించారు. వ్యాను వచ్చేసరికి పన్నెండూ ఇరవై. ఆసుపత్రి గేటు దాటకముందే ఆమె పోయింది.

కంపెనీ ఒక కాగితం అంటించింది. మాజీ ఉద్యోగి లాగా రాశారు. "పని ముగించుకుని వెళ్లిన అనంతరం స్వంత అనారోగ్యంతో" అని. కింద ప్రగాఢ సానుభూతి.

ఆమెని సాగనంపిన మూడో రోజు బావ గేటు దగ్గరికి వచ్చాడు. పని బట్టల్లోనే ఉన్నాడు. లోపలికి రాకుండా ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఒక్క మాట అడగనా?"

"అడుగు బావా."

"పదకొండుంబావుకి బయటికి వచ్చిందనీ, పదకొండూ నలభైకి వెనక సందులో పడి ఉందనీ అన్నారు. అంతసేపూ నేను రోడ్డవతలే లారీకి పెట్టెలు ఎక్కిస్తున్నాను. ఒంట్లో బాగోకపోతే నా దగ్గరికి రావాలి కదా. రాలేదు. పాతిక నిమిషాలు ఎక్కడుంది? ఎటు వెళ్దామనుకుంది? నీకేమన్నా చెప్పిందా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"మా పేటలో ఏవేవో అంటున్నారు. నేను నమ్మడం లేదులే," అన్నాడు. ఊచల మీద అతని వేళ్లు తెల్లబడ్డాయి. "నమ్మడం లేదు గానీ, కళ్లు మూస్తే అదే తిరుగుతోంది. ఇరవై రెండేళ్లు కాపురం చేశాం. చివరి పాతిక నిమిషాలు నాకు తెలీకుండా పోయాయి."

అతను వెళ్లిపోయాడు. కంపెనీ ఆమె ప్రాణం తీసి ఊరుకోలేదని అప్పుడు అర్థమైంది. ఆ మనిషి గుండెల్లోంచి కూడా ఆమెని తీసేస్తోంది. దానికి నా చెయ్యి వాడుకుంది.

మూడు గంటల టీ విరామంలో అందరూ వెనక పంచలో ఉన్నారు. నేను బల్ల ఎక్కలేదు, గొంతు పెంచలేదు. మధ్యలోకి వెళ్లి చెప్పాను. కార్డు నేనే కొట్టాను, అక్క లోపలే పడిపోయింది, ఆ సంగతి మీలో ఇస్త్రీ వరస వాళ్లకి తెలుసు, మిగతావాళ్లకి తెలీదు, బావకి అసలు తెలీదు.

ఇస్త్రీ వరసలో రెండో బల్లామె చేతిలోని తడిగుడ్డ నా ముఖాన విసిరింది. "ఫ్యాను కింద కూర్చునేదానికి మా చావులెందుకు కనబడతాయే" అంది. ఇంకెవరో నా జుట్టు పట్టుకున్నారు. నేను ఏడుస్తూ కింద కూర్చున్నాను.

అప్పుడు కాజాల అవ్వ లేచింది. ముప్ఫై ఏళ్లుగా గుండీల కాజాలు కుడుతున్న మనిషి. వేళ్లు వంకర్లు పోయాయి, చూపు ఆనదు, నోరు మాత్రం కత్తెర.

"జుట్టు వదలండి. ఏయ్ పిల్లా, ఏడుపు తర్వాత. ఇందాక గొణిగినట్టు చెప్పావు. లేచి ఇంకోసారి చెప్పు. ఆ చివరవాళ్లకి వినబడలేదు."

నేను లేచి మళ్లీ చెప్పాను. ఈసారి చివరిదాకా వినబడింది.

"ఇప్పుడు మిమ్మల్నడుగుతాను," అంది అవ్వ ఇస్త్రీ వరస వైపు తిరిగి. "ఇది చెయ్యితో కొట్టింది. మీరు కళ్లతో చూశారు. మూడు రోజులు ఎవరూ నోరెత్తలేదు. నేనూ విన్నాను, నేనూ ఎత్తలేదు. దీన్ని కొడితే మన పాపం కడుక్కుపోతుందా? ముందు ఆ మొగుడికి చెప్పిరండి. తర్వాత వీళ్ల సంగతి చూద్దాం."

ఆ సాయంత్రం పని వదలగానే నేనూ అవ్వా బావ గదికి వెళ్లాం. చెప్పాను. అతను నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"అయితే ఎక్కడికీ వెళ్లలేదన్నమాట."

"లేదు బావా. బల్ల దగ్గరే ఉంది."

అప్పుడు ఏడ్చాడు. ఆమె పోయాక అతను ఏడవడం అదే మొదలని పక్క గదివాళ్లు తర్వాత చెప్పారు.

ఆదివారం పొద్దున కరెంటాయన ఇంట్లో కూర్చున్నాం. రెండు గదుల్లో అరవై మంది పట్టలేదు, సగంమంది వీధిలో నిలబడ్డారు. ఆయన కూతురు నర్సింగు చదువుతోంది. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి, లోపలివాళ్లకీ బయటివాళ్లకీ వినబడేలా చెప్పింది.

"ఒంట్లో వేడి చెమటతో దిగుతుంది. గాలి ఆడకపోతే, చుట్టూ ఆవిరి ఉంటే, చెమట ఆరదు. వేడి దిగదు. చెమట ఆగిపోయి మనిషి పిచ్చిగా మాట్లాడితే మెదడుకి ఎక్కిందని అర్థం. అప్పుడు చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. వెంటనే చల్లటి చోటికి చేర్చి ఒళ్లంతా చల్లబరిస్తే బతికే అవకాశం ఎక్కువ."

"ఆ గదిలో పడుకోబెట్టుంటే?" అన్నాడు బావ. అతనూ వచ్చాడు, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

ఆ పిల్ల తండ్రి వైపు చూసింది. కరెంటాయన తల దించుకున్నాడు. "బతికుండేదేమో, మామయ్యా," అంది మెల్లగా.

కటింగ్ మాస్టరు గొంతు సవరించుకున్నాడు. గుడ్డ కోసే విభాగానికి పెద్ద ఆయన. పనిమంతుడు, భయస్తుడు. "నాకు మాత్రం బాధ లేదా? కానీ ఒక్కటి ఆలోచించండి. ఎండకి ఎవరేం చేస్తారు? ప్రపంచమంతా ఇంతే ఉంది. టీవీలో చూడ్డం లేదా? అడవులు తగలబడుతున్నాయి, మంచుకొండలు కరిగిపోతున్నాయి. మన మేనేజరు కాస్తున్నాడా ఎండ?"

"ఎండ మేనేజరు కాయడం లేదు," అన్నాడు కరెంటాయన. "కిటికీలు మూసింది ఎవరు? నాలుగు ఫ్యాన్లు విప్పి గోడౌన్లో పడేయించింది ఎవరు? బాగు చేస్తానని నేను మూడుసార్లు రాసిచ్చాను. ఎండ అందరిమీదా పడుతుంది మాస్టరూ. దాన్ని ఎవరి ఒంట్లోకి ఎక్కించాలో మాత్రం ఆఫీసులో కూర్చుని నిర్ణయిస్తారు. ఈకల ఒంట్లోకి ఎక్కకూడదని నిర్ణయించారు కదా? ఎక్కడం లేదు కదా?"

"గట్టిగా అడిగితే ఆర్డరు ఇంకో దేశానికి పోతుంది."

"పోతే అక్కడ మనలాంటి ఇంకో రైలక్క ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడుతుంది," అంది రెండో బల్లామె. "పని మన దగ్గరికి పోతుందని దాన్ని, దాని దగ్గరికి పోతుందని మనల్ని భయపెట్టి నిలబెడుతున్నారు. ఎంతకాలం నిలబడదాం?"

"పిల్లలున్నారమ్మా నాకు."

"రైలక్కకి లేరా?"

గొడవ రెండు గంటలు నడిచింది. పని మానేద్దామని కొందరు, కాగితం రాసిద్దామని కొందరు. అన్నీ విని అవ్వ అంది: "పని మానేస్తే ఆ రోజు కూలి పోతుంది. కాగితం రాసిస్తే కాగితం పోతుంది. మనిషి పోకుండా ఉండాలంటే ఏం కావాలి? చల్లటి చోటు. అది మన షెడ్డులోనే ఉంది. దానికి తలుపుంది. ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుంది."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరూ నవ్వలేదు.

ముందు అడగాలని మాత్రం అందరం ఒప్పుకున్నాం. సోమవారం పదకొండు మందిమి మేనేజరు గదికి వెళ్లాం. గోడకి తగిలించే థర్మామీటరు ఒకటి నర్సింగు పిల్ల తెచ్చిచ్చింది. షెడ్డులో దాన్ని పట్టుకుంటే నలభై ఒకటి. మేనేజరు గదిలోకి వెళ్లగానే ఎర్రగీత జర్రున దిగడం అందరం చూశాం. ఆయనా చూశాడు.

మేం అడిగింది ఇంతే. ఆరు ఫ్యాన్లూ తిప్పాలి. షెడ్డులో నలభై దాటితే మిషన్లు ఆపాలి, తగ్గాక మొదలెట్టాలి. రైలక్క కార్డు సరిదిద్ది, పనిలో ఉండగా చనిపోయిందని రాయాలి.

"వేసవిలో ఎండ కాయక వెన్నెల కాస్తుందా?" అన్నాడు మేనేజరు. "మీరు ఎండకి పుట్టినవాళ్లు. మీకిది కొత్తా? అసలు పరిస్థితి తెలుసా మీకు? అక్కడ కూడా చలి తగ్గిపోతోంది. కోట్లు కొనేవాళ్లు తగ్గారు. చవగ్గా, తొందరగా ఇస్తేనే తీసుకుంటామంటున్నారు. మీరిలా మొండికేస్తే ఆర్డరు పక్క దేశానికి పోతుంది."

"అక్కడేం మంచు కురుస్తోందా బాబూ?" అంది అవ్వ.

ఆయన సూపర్‌వైజరుని పిలిచి థర్మామీటరు లాక్కోమన్నాడు. కార్డు విషయం ఎత్తితే నా వైపు చూశాడు. "కార్డు కొట్టింది నువ్వు. తప్పుడు లెక్క అని నువ్వే ఒప్పుకుంటే జైలుకి వెళ్లేది నువ్వు. బాగా ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. మంగళవారం కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లి, నేను చేసింది చేసినట్టు రాసి, సంతకం పెట్టి, ముద్ర వేయించుకున్నాను. గుమాస్తా నా ముఖంలోకి చూసి "ఇది మీ మీదికే వస్తుందమ్మా" అన్నాడు. "రానివ్వండి" అన్నాను. ఉద్యోగం ఆ రోజే పోతుందనుకున్నాను. సరుకు ఓడ ఎక్కించే హడావిడిలో ఉన్నారేమో, నా సంగతి ఇంకా వాళ్ల చెవిన పడలేదు.

గురువారం వచ్చింది. రెండు గంటలకి కరెంటాయన ఇంకో థర్మామీటరు చొక్కా లోపలినుంచి తీసి, నిచ్చెన ఎక్కి, అందరికీ కనబడేలా దూలానికి తగిలించాడు. నలభై మూడు. కుట్టు వరసలో ఒకమ్మాయికి వాంతి అయింది. ఆమె ముక్కూ నోరూ తుడుచుకుని మళ్లీ సూది కింద గుడ్డ పెట్టబోయింది.

కాజాల అవ్వ తన మిషను ఆపింది. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని లేపి, ఈకల గది వైపు నడిచింది. వాళ్ల వెనక రెండో బల్లామె. తర్వాత ఇస్త్రీ వరస. తర్వాత ఒక్కొక్క వరసా. మిషన్ల మోత ఒక పక్కనుంచి ఆగుతూ వచ్చింది. మూడేళ్లలో ఆ షెడ్డులో మొదటిసారి మనుషుల అడుగుల చప్పుడు విన్నాను.

సూపర్‌వైజరు మళ్లీ తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "ఎవరైనా లోపలికి అడుగు పెడితే..."

"నువ్వూ రా," అంది అవ్వ. "చెమటలు కారుతున్నాయి నీకు."

అతన్ని ఎవరూ తొయ్యలేదు. మూడు వందల మంది ఒక్కసారిగా ఎదురుగా వస్తే మనిషి తనంతట తనే పక్కకి జరుగుతాడు.

కటింగ్ మాస్టరు తన బల్ల దగ్గరే నిలబడిపోయాడు. రాడనుకున్నాను. అతను కోతకత్తులు, పెద్ద కత్తెరలు అన్నీ ఏరి అల్మారాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి బల్ల మీద, అందరికీ కనబడేచోట పెట్టాడు. "రేపు మన చేతుల్లో కత్తులున్నాయని రాస్తారు," అన్నాడు నాతో. అని లోపలికి నడిచాడు.

నేనింకా కార్డుల బల్ల దగ్గరే ఉన్నాను. సూపర్‌వైజరు ఫోన్ చెవికి పెట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. "అందరి కార్డులూ బయటికి కొట్టెయ్. రెండింటికి. డ్యూటీలో లేనివాళ్లు లోపల ఉంటే అది ఆక్రమణ, పోలీసులు వచ్చి లాగేస్తారు. తొందరగా."

మూడు వందల కార్డులు. ఒక్క చావుకి చాలిన అబద్ధం ఇప్పుడు మూడు వందల మందికి కావాలట.

"కొట్టను," అన్నాను.

"ఏమన్నావు?"

"మీరు కొట్టుకోండి అంటాననుకున్నారా? అదీ కుదరదు." మిషన్ ప్లగ్గు పీకేశాను. కార్డుల పెట్టె మొత్తం చంకలో పెట్టుకుని నడిచాను. నా వెనక ఫ్యాను తిరుగుతూనే ఉంది. పెట్టె బరువు తెలియలేదు.

ఈకల గదిలో గోడల నిండా తెల్లటి సంచులు తాటి ఎత్తున పేర్చి ఉన్నాయి. మధ్య సందుల్లో, సంచుల మధ్య, తలుపు దాకా మావాళ్లే. చెమట ఆరుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. వాంతి చేసుకున్న అమ్మాయిని సంచి మీద పడుకోబెట్టారు. ఆమె పెదాలకి రంగు వస్తోంది. మూడు వందల మంది ఊపిరి పీల్చుకునే చప్పుడు వినబడుతోంది. ఎవరో "చలేస్తోందే, ఒక కోటు ఉంటే బాగుండు" అన్నారు. ముందు ఒక మూల నవ్వు, తర్వాత గదంతా నవ్వు. నవ్వుతూనే రెండో బల్లామె వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇరవై అడుగులే కదే," అంది. "ఇరవై అడుగులే."

నేను ఒక్కొక్కరి పేరు పిలిచి కార్డు ఇచ్చాను. అవ్వ తన కార్డుని కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. "ఇన్నేళ్లలో దీన్ని నా చేతికి ఇవ్వడం ఇదే," అంది. చివరికి ఒక కార్డు మిగిలింది. రైలక్కది. నా దగ్గరే ఉంచుకున్నాను.

మూడున్నరకి పోలీసులొచ్చారు. అధికారి తలుపు దగ్గర నిలబడి, లోపలి చల్లదనం తగిలి ఒక్క క్షణం ఆగిపోయాడు. మెడ తుడుచుకున్నాడు. "కంపెనీ ఆస్తిని ఆక్రమించారు. పనిలో లేనివాళ్లు ఇక్కడ ఉండకూడదు. బయటికి రండి."

మూడు వందల కార్డులు పైకి లేచాయి.

"డ్యూటీలోనే ఉన్నాం సార్," అన్నాడు కటింగ్ మాస్టరు. "షెడ్డులో చల్లబడ్డాక మిషన్ల దగ్గరికి వెళ్తాం. ఒక్క సంచీ చిరగలేదు, చూసుకోండి. కత్తులన్నీ అల్మారాలో ఉన్నాయి, తాళంచెవి బల్ల మీద ఉంది, రాసుకోండి."

అధికారి సంచుల వైపు చూశాడు, దూలానికి వేలాడుతున్న థర్మామీటరు వైపు చూశాడు. ఆయనకి అర్థమైందనే అనుకుంటాను. కానీ మేనేజరు వచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పాడు, ఫోన్ ఒకటి చేతికిచ్చాడు. ఫోన్లో మాట్లాడాక ఆయన ముఖం మారిపోయింది. లాఠీలు లోపలికొచ్చాయి.

ఎంత కొట్టారో ఇప్పుడు చెప్పను. కరెంటాయన చెయ్యి విరిగిందని మాత్రం చెబుతాను. సంచులు చిరిగాయి, లాఠీలకి చిరిగాయి. గది నిండా ఈకలు లేచాయి. పోలీసుల టోపీల మీద, మా జుట్ల మీద, రక్తం కారిన చోట అంటుకుని ఈకలే. కేసులో అవన్నీ మేం చింపినట్టు రాశారు.

పదకొండు మందిని ఏరారు. అవ్వని, కరెంటాయన్ని, రెండో బల్లామెని, కటింగ్ మాస్టరుని, నన్ను, ఇంకా ఆరుగురిని. రేకు వ్యానులోకి తోసి తలుపు వేశారు. మాతోపాటు ఒక ఆడ కానిస్టేబులు ఎక్కింది. చిన్న వయసు. వ్యాను గేటు దాటింది, నాలుగు గజాలు నడిచింది, ఆగిపోయింది.

వ్యాను కిటికీ జాలీలోంచి చూశాను. రోడ్డు నిండా మనుషులు. అట్టపెట్టెల కంపెనీ మొత్తం రోడ్డు మీద ఉంది. చేతులకి జిగురు, భుజాల మీద గుడ్డలు. ముందు వరసలో బావ ఉన్నాడు.

అధికారి జీపు దిగాడు. "మీకేంటి సంబంధం? ఇది మీ కంపెనీ కాదు. జరగండి."

"మేం దీనికోసం రాలేదండి," అన్నాడు బావ. తొందర లేకుండా, పక్కనున్నవాళ్లకి కూడా వినబడేట్టు మాట్లాడాడు. "మా షెడ్డులోనూ నలభై దాటింది. నలభై దాటితే బయటికి రావాలని పొద్దున అనుకున్నాం. వచ్చాం. నీడ ఈ రోడ్డు మీదే ఉంది, ఇక్కడ నిలబడ్డాం."

"ఎవరు చెప్పారు మీకు నలభై అని?"

"నా భార్య చనిపోయి చెప్పింది."

వెనకనుంచి హారన్లు. అధికారి వ్యాను వెనక్కి తిప్పమన్నాడు. వెనక మా షెడ్డువాళ్లు, కార్డులు పట్టుకుని, ఈకలు దులుపుకోకుండానే గేటులోంచి వస్తున్నారు. ఆ చివర సబ్బుల ఫ్యాక్టరీ గేటు దగ్గర కూడా జనం చేరుతున్నారు. వాళ్లకి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలీదు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. రేకు వ్యానులో గాలి ఆగిపోయింది. ఒక్క నిమిషంలో ఒళ్లు ఉడకడం మొదలైంది. ఆడ కానిస్టేబులు గుండీ మెడ దాకా పెట్టుకుని, బూట్లతో, టోపీతో, చెమట కళ్లలోకి కారుతున్నా కదలకుండా కూర్చుంది. అవ్వ ఆమెని కాసేపు చూసింది.

"నీ డ్యూటీ ఎన్ని గంటలే అమ్మా?"

ఆమె వేలు గుండీ దగ్గరికి వెళ్లి ఆగింది.

"పద్నాలుగు," అంది చివరికి, ఎవరికీ వినబడకూడదన్నట్టు.

"నీకూ నలభై దాటింది," అంది అవ్వ. "తలుపు తీసుకుని నువ్వు నీడకి వెళ్లు. మేం ఎక్కడికీ పారిపోం. మాకు ఇక్కడ చాలా పనుంది."